సెకండ్ డిగ్రీనా, స్టేజ్ 3నా? గర్భసంచి జారడాన్ని చేత్తో చూసి చెప్పే గ్రేడ్‌ను ఎంతవరకు నమ్మొచ్చు

ఉప్పల్ నుంచి ఒకరు వాళ్ల అమ్మగారి గురించి అడిగారు. వయసు 58, ముగ్గురు పిల్లలు, మూడూ నార్మల్ డెలివరీలే. కొంతకాలంగా కింద ఏదో దిగినట్టు ఉంటోంది, సాయంత్రానికి బరువు ఎక్కువవుతోంది. ఇంటి దగ్గరి డాక్టర్ చూసి సెకండ్ డిగ్రీ ప్రొలాప్స్ (జారడం) అని, గర్భసంచి తీసేస్తే సరిపోతుందని చెప్పారు. ఇంకో చోటికి వెళ్తే స్టేజ్ 3 అని రాసి, యోని ముందు గోడకు రిపేర్ కావాలన్నారు. పొట్ట మీద చేసిన స్కానింగ్‌లో మాత్రం గర్భాశయం నార్మల్ అని వచ్చింది. ‘ముగ్గురిలో ఎవరిది కరెక్ట్? చేత్తో చూసి చెప్పే ఈ గ్రేడ్లను అసలు నమ్మొచ్చా?’ అన్నది ప్రశ్న.

ముందే చెప్పేస్తాను: ముగ్గురు చెప్పిందీ ఒకేసారి నిజం కావచ్చు. మీరు పెట్టిన రెండో రిపోర్టు చూశాక నాకు ఆ అభిప్రాయం ఇంకా గట్టిపడింది. అయితే ఆ గ్రేడ్లను పక్కపక్కన పెట్టి, జబ్బు ఇన్ని రోజుల్లోనే రెండు నుంచి మూడుకు పెరిగిపోయిందని టెన్షన్ పడకండి. ఆ రెండు అంకెలూ వేర్వేరు కొలమానాలవి. ఒకే చీరను ఒకరు మూరల్లో, ఇంకొకరు మీటర్లలో కొలిచినట్టు.

మన దగ్గర చాలామంది గైనకాలజిస్టులు ఎంబీబీఎస్‌లో నేర్చుకున్న షా పద్ధతినే ఓపీలో వాడతారు. అందులో చూసేది సర్విక్స్‌ని, అంటే గర్భాశయ ముఖద్వారాన్ని. అది యోనిలోనే కిందికి దిగితే ఫస్ట్ డిగ్రీ, యోని ద్వారం దగ్గరికి వస్తే సెకండ్, బయటికి వస్తే థర్డ్. గర్భసంచి మొత్తం బయటికి వచ్చేస్తే దాన్ని ప్రొసిడెన్షియా అంటారు. చెప్పడం తేలిక, అర నిమిషంలో చీటీ మీద రాయొచ్చు. బేడెన్, వాకర్ అనే ఇద్దరు డాక్టర్లు 1968 నుంచి ప్రచారంలోకి తెచ్చిన ఇంకో పద్ధతి ఉంది. అది యోని ద్వారం దగ్గరి కన్నెపొర అంచును గీతగా పెట్టుకుని, దాని దాకా సగం దూరం వచ్చిందా, దాని దగ్గరికే వచ్చిందా, దాటి సగం బయటికి వచ్చిందా అని 0 నుంచి 4 దాకా గ్రేడ్ ఇస్తుంది. ‘సగం’ ఎంత అన్నది చూసేవాళ్ల కంటి అంచనా. తేడాలు అక్కడే మొదలవుతాయి.

1996లో పాప్-క్యూ వచ్చింది. అంతర్జాతీయ కాంటినెన్స్ సొసైటీ, అమెరికాలోని రెండు గైనిక్ సంఘాలు కలిసి ఆమోదించిన పద్ధతి ఇది. అంచనాల జోలికి పోకుండా సెంటీమీటర్లలో రాయమంటుంది. కన్నెపొర అంచు సున్నా. దానికి లోపల ఉంటే మైనస్, దాటి బయట ఉంటే ప్లస్. ముందు గోడ మీద రెండు చోట్లు, వెనక గోడ మీద రెండు చోట్లు, సర్విక్స్, దాని వెనక లోతుగా ఉండే మూల, ద్వారం వెడల్పు, దానికీ మలద్వారానికీ మధ్య దూరం, యోని మొత్తం పొడవు: ఇవి తొమ్మిది కొలతలు. ఇందులో స్టేజ్‌ను తేల్చేది సర్విక్స్ ఒక్కటే కాదు. ముందు గోడ కానీ, వెనక గోడ కానీ, సర్విక్స్ కానీ, ఏది అన్నిటికంటే కిందికి దిగితే దాని లెక్కే స్టేజ్. కన్నెపొరకు ఒక సెంటీమీటరుకు మించి పైనే ఉంటే స్టేజ్ 1. ఒక సెంటీమీటరు లోపల నుంచి ఒక సెంటీమీటరు బయట వరకు స్టేజ్ 2. అంతకంటే బయటికి వస్తే స్టేజ్ 3. యోని దాదాపు పూర్తిగా తిరగబడి వచ్చేస్తే స్టేజ్ 4.

ఇప్పుడు మీ అమ్మగారి రెండో రిపోర్టు చూడండి. సి దగ్గర 0 అని ఉంది. అంటే సర్విక్స్ సరిగ్గా ద్వారం అంచుకు వచ్చింది, షా పద్ధతిలో అది సెకండ్ డిగ్రీయే. మొదటి డాక్టర్ తప్పు చెప్పలేదు. కానీ బీఏ దగ్గర +2 అని ఉంది. ముందు గోడలో బాగా దిగిన భాగం ద్వారం దాటి రెండు సెంటీమీటర్లు బయటికి వచ్చిందన్నమాట. ఆ +2 వల్లే స్టేజ్ 3 అయింది. రెండో డాక్టర్ చెప్పిందీ నిజమే. వెనక గోడ రెండు చోట్లా –2 ఉంది, దాన్ని ముట్టుకోవాల్సిన పని ప్రస్తుతానికి కనిపించడం లేదు. మీ అమ్మగారి చేతికి తగిలే ఉబ్బు గర్భసంచి కాదు. మూత్రసంచి ఆనుకుని ఉండే ముందు గోడ. ‘గర్భసంచి జారింది’ అని ఇంట్లో అందరం ఒకే మాట అనేస్తాం కానీ, కిందికి దిగింది ఏ గోడ అన్నదే ఆపరేషన్ ఏదో నిర్ణయిస్తుంది.

ఇక అసలు ప్రశ్న, చేత్తో చూసి చెప్పేదాన్ని నమ్మొచ్చా. పాప్-క్యూ వచ్చిన ఏడాదే, 1996లో, దాని మీద ఒక అధ్యయనం చేశారు. 48 మంది మహిళలను ఇద్దరేసి డాక్టర్లు విడివిడిగా పరీక్షించి, ఒకరి కొలతలు ఒకరికి తెలియకుండా రాశారు. కొలతలు బాగా కలిశాయి. స్టేజ్ 69 శాతం మందిలో అచ్చంగా ఒకటే వచ్చింది. తేడా వచ్చిన వాళ్లలో కూడా ఒక స్టేజ్ కంటే ఎక్కువ తేడా ఎవరికీ రాలేదు. నా దృష్టిలో ఇది ఆశాజనకమైన ఫలితమే. చేతి పరీక్ష అనగానే గాలిలో లెక్క అనుకునేవాళ్లకు ఇది సమాధానం. కానీ దీన్ని ఇంకోవైపు నుంచి కూడా చదవాలి. ట్రైనింగ్ తీసుకుని, తీరుబాటుగా, ఒకే పద్ధతిలో చూసిన డాక్టర్ల మధ్యే పది మందిలో ముగ్గురికి ఒక స్టేజ్ అటూ ఇటూ అయింది. రద్దీ ఓపీలో, వేర్వేరు ఆసుపత్రుల్లో, వేర్వేరు రోజుల్లో చూస్తే అంతకంటే ఎక్కువ తేడా రావడంలో ఆశ్చర్యం లేదు.

ఇలాంటి అధ్యయనాల్లో కప్పా అనే లెక్క కనిపిస్తుంది. దాని వెనక ఆలోచన తెలుసుకోవడం మంచిది. ఇద్దరు డాక్టర్లూ వచ్చినవాళ్లందరికీ కళ్లు మూసుకుని సెకండ్ డిగ్రీ అనే రాశారనుకోండి. నూటికి నూరు కలుస్తాయి, కానీ అందులో సమాచారం ఏమీ లేదు. అలా యాదృచ్ఛికంగా కలిసిపోయే భాగాన్ని తీసేసి, నిజంగా ఎంత కలిసిందో చెప్పేది కప్పా. 1 అంటే పూర్తిగా కలిసినట్టు, 0 అంటే బొమ్మా బొరుసా వేసినా అంతే వచ్చేదని అర్థం. ఎవరైనా ‘మా పద్ధతిలో తొంభై శాతం కలుస్తుంది’ అంటే, ఆ తొంభైలో యాదృచ్ఛికం ఎంత అని అడగాలి.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇంకొకటి. ఇద్దరు డాక్టర్ల మాట కలవడం వేరు, ఆ మాట నిజం కావడం వేరు. ఇద్దరూ ఒకే పొరపాటు పద్ధతిలో చూస్తే ఇద్దరికీ ఒకే తప్పు అంకె వస్తుంది. ప్రొలాప్స్ పరీక్షలో అది చాలా సులువుగా జరుగుతుంది. ఎందుకంటే మనం కొలిచేది కదలకుండా ఉండే ఎముక కాదు. ముక్కితే దిగి, వదిలేస్తే లోపలికి పోయే మెత్తటి గోడ. అది పూర్తిగా దిగినప్పుడు కొలిస్తేనే ఆ కొలతకు అర్థం.

బల్ల మీద ఏం జరుగుతుందో చెప్తాను. పేషెంట్ కాళ్లు మడిచి పడుకుంటుంది. కర్టెన్ అవతల ఇంకో నలుగురు కూర్చుని ఉంటారు, ఆయా లోపలికీ బయటికీ తిరుగుతుంటుంది. డాక్టర్ సిమ్స్ స్పెక్యులమ్ అనే పరికరంతో ఒక గోడను పక్కకు పట్టి ‘ముక్కమ్మా’ అంటారు. ఆమె ముఖం బిగిస్తుంది, ఊపిరి బిగబడుతుంది, కానీ తొడలు దగ్గరికి లాగేసుకుంటుంది, కింద కండరాలు కూడా బిగించేస్తుంది. యూరిన్ పడిపోతుందేమో, గ్యాస్ పోతుందేమో అన్న సిగ్గు. మన ఆడవాళ్లు ఇలాంటి చోట ఊపిరి కూడా గట్టిగా వదలరు. ఆమె మనస్ఫూర్తిగా ముక్కుతున్నానే అనుకుంటుంది, కానీ గోడ దిగాల్సింది పోయి పైకి పోతుంది. అల్ట్రాసౌండ్ పెట్టి చూసినవాళ్లు ఈ ఎదురు బిగింపు చాలామందిలో ఉంటుందని గమనించారు. ముక్కడం కనీసం ఆరు సెకన్లయినా నిలబడితే తప్ప గోడ పూర్తిగా దిగదని కూడా చూపించారు. ‘ఒకసారి దగ్గండి’ అని చూసి వదిలేస్తే అది క్షణంలో అయిపోతుంది. ఉన్నదానికంటే తక్కువ గ్రేడ్ వచ్చేది చాలావరకు ఇక్కడే.

మూత్రసంచి నిండి ఉన్నా అంతే. నిండిన బ్లాడర్ ముందు గోడను పూర్తిగా దిగనివ్వదు. మన దగ్గర స్కానింగ్ కోసం లీటరు నీళ్లు తాగించి కూర్చోబెడతారు, మధ్యలో ఓపీ నంబర్ పిలిస్తే అదే కడుపుతో డాక్టర్ దగ్గరికి వస్తారు. మీ అమ్మగారి విషయంలో మొదటి రోజు స్కానింగ్, పరీక్ష ఒకే పూట జరిగాయని రాశారు. అప్పుడు ముందు గోడ అంతగా కనిపించకపోయి ఉండొచ్చు. పరీక్షకు ముందు తప్పకుండా యూరిన్‌కు వెళ్లి రావాలి. చాలా రోజులుగా మోషన్ కాక గట్టిపడి ఉంటే వెనక గోడ పరీక్ష కూడా తారుమారవుతుంది.

పడుకుని చూడటం, నిలబెట్టి చూడటం మధ్య కొందరిలో తేడా పెద్దగా రాదు, కొందరిలో స్పష్టంగా వస్తుంది. నా పద్ధతి ఇది: పేషెంట్ ఇంట్లో చెప్పే బాధకు, బల్ల మీద నాకు కనిపించేదానికి పొంతన కుదరకపోతే నిలబెట్టి ఒక కాలు చిన్న స్టూల్ మీద పెట్టించి మళ్లీ చూస్తాను. చేతికి అద్దం ఇచ్చి, ‘ఇంట్లో బాగా ఎక్కువైనప్పుడు ఇంతే వస్తుందా, ఇంకా వస్తుందా?’ అని అడుగుతాను. ఇది నేను కనిపెట్టింది కాదు, 1996 నాటి పాప్-క్యూ పత్రంలోనే ఉంది. పూర్తిగా దిగిందని ఎలా తెలుసుకోవాలో అందులో రాశారు: ముక్కినప్పుడు ఉబ్బు బిగుతుగా రావాలి, మెల్లగా లాగితే ఇంకా దిగకూడదు, ఇంతే వస్తుందని పేషెంట్ ఒప్పుకోవాలి, లేదా నిలబెట్టి ముక్కించి ఖాయం చేసుకోవాలి. వీటిలో పేషెంట్‌ను అడగడం అన్నిటికంటే చవకైనది, అన్నిటికంటే తరచుగా మరిచిపోయేదీ అదే. తన శరీరం ఎంత దిగుతుందో రోజూ స్నానాల గదిలో చూసుకునేది ఆమె.

సర్విక్స్‌ను పరికరంతో పట్టి లాగి చూసి, వచ్చినంతా గ్రేడ్‌లో కలిపేయడం దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పొరపాటు. మత్తు ఇచ్చాక కండరాలు వదులవుతాయి కాబట్టి ఆపరేషన్ బల్ల మీద గర్భసంచి ఇంకా కిందికి వస్తుంది. అది పేషెంట్ రోజూ పడే ఇబ్బందికి కొలత కాదు. సర్విక్స్ దానంతట అదే పొడవుగా సాగినవాళ్లలో గర్భసంచి పైనే ఉన్నా ముఖద్వారం కిందికి కనిపిస్తుంది. సి (సర్విక్స్), డి (దాని వెనక లోతుగా ఉండే మూల) కొలతల మధ్య దూరం చూస్తే ఆ అనుమానం వస్తుంది. అందుకే ఆ రెండూ విడిగా రాయమంటారు.

స్కానింగ్‌లో నార్మల్ అని రావడం మీ అందరినీ తికమక పెట్టింది కదా. పొట్ట మీద చేసే స్కాన్ గర్భసంచి సైజు, గడ్డలు, లోపలి పొర మందం, అండాశయాలు చూస్తుంది. పడుకోబెట్టి, నిండిన మూత్రసంచితో, ముక్కించకుండా చేస్తారు. జారడాన్ని గ్రేడ్ చేయడానికి అది చేసేది కాదు. నార్మల్ అంటే గడ్డలు లేవని, లోపలి పొర బాగుందని. కింద నుంచి, పెరినియం (యోనికీ మలద్వారానికీ మధ్య భాగం) మీద ప్రోబ్ పెట్టి ముక్కించి చేసే అల్ట్రాసౌండ్ వేరే ఉంది. అది కన్నెపొరను కాకుండా ముందున్న జఘన ఎముక అంచును గీతగా తీసుకుంటుంది. కాబట్టి దాని అంకెలను పాప్-క్యూ అంకెల పక్కన పెట్టి పోల్చకూడదు. ఎంఆర్ఐ కూడా అందరికీ అవసరం లేదు. ఇదివరకే ఆపరేషన్ అయి మళ్లీ జారినవాళ్లకు, ఉబ్బు వెనక పేగు ఉందా మలాశయం ఉందా అని తేలనివాళ్లకు అది పనికొస్తుంది. చేతి పరీక్ష గోడను చూస్తుంది కానీ గోడ వెనక ఏముందో ప్రతిసారీ కచ్చితంగా చెప్పలేదు, ఆ పరిమితి నిజమే.

హద్దుల దగ్గర స్టేజ్ మారడం గురించి కూడా ఒక మాట. +1 అయితే స్టేజ్ 2, +1.5 అయితే స్టేజ్ 3. మధ్యలో ఉన్నది అర సెంటీమీటరు. పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ముక్కినా ఆ అర సెంటీమీటరు మారుతుంది. దాని మీద ఆపరేషన్ చేయాలా వద్దా అని తేల్చడం నాకు అస్సలు సరిగా అనిపించదు. –1 ఉన్నవాళ్లు, +1 ఉన్నవాళ్లు ఇద్దరూ స్టేజ్ 2 లోనే ఉంటారు. కానీ కింద ఏదో తగులుతోందన్న బాధ మొదలయ్యేది సాధారణంగా గోడ కన్నెపొర అంచుకు చేరినప్పుడు, దాటినప్పుడు. లోపలే ఉన్నవాళ్లలో చాలామందికి అసలు ఏ బాధా ఉండదు. కాన్పులైన ఆడవాళ్లలో ఆ మాత్రం జారుడు మామూలే. అందుకే స్టేజ్ కంటే ప్లస్సా మైనస్సా, ఎన్ని సెంటీమీటర్లు అన్నదే నేను ఎక్కువగా చూస్తాను. స్టేజ్ ఒక్కటే రాసి కొలతలు రాయని చీటీ ఏడాది తర్వాత ఎవరికీ పనికిరాదు. పెరిగిందా తగ్గిందా అని పోల్చడానికి అందులో ఏమీ ఉండదు.

మొదటి చోట చెప్పిన ‘గర్భసంచి తీసేస్తే సరిపోతుంది’ అన్న మాటకు వస్తాను. మన తెలుగు రాష్ట్రాల్లో గర్భసంచి తీసేయించుకున్న ఆడవాళ్లు దేశ సగటు కంటే చాలా ఎక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలే చెప్తున్నాయి. అందులో అవసరమైనవీ ఉన్నాయి, అవసరం లేనివీ ఉన్నాయి. మీ అమ్మగారికి బాధ పెడుతున్నది ముందు గోడ. గర్భసంచి తీసేసి ముందు గోడను, పై భాగానికి పట్టు ఇచ్చే లిగమెంట్లను పట్టించుకోకపోతే ఉబ్బు అలాగే ఉండిపోవచ్చు, కొన్నాళ్లకు యోని పై భాగమే కిందికి దిగవచ్చు కూడా. సరిగా కొలవడం ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఇంతకంటే పెద్ద కారణం నాకు తెలియదు. ఆపరేషన్ వద్దనడం లేదు. ఏ గోడకు, ఏ ఆసరాకు చేస్తున్నారో స్పష్టంగా తేలాకే చేయించుకోండి.

ఆపరేషన్ ఒక్కటే దారి కూడా కాదు. ఆమెకు ఇబ్బంది ఎంత ఉందన్నది మొదటి ప్రశ్న. సిలికాన్ రింగ్ పెస్సరీ అనే వలయం లోపల పెడితే చాలామందికి హాయిగా ఉంటుంది, సరిపోయే సైజు దొరకడానికి ఒకటి రెండుసార్లు మార్చాల్సి రావచ్చు. కటి కండరాల వ్యాయామం ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకుని నెలల తరబడి చేస్తే బరువుగా ఉండే బాధ తగ్గుతుంది, మీ అమ్మగారి స్థాయిలో ఉబ్బు పూర్తిగా పోతుందని మాత్రం చెప్పను. మలబద్ధకం, తగ్గని దగ్గు ఉంటే వాటికి ముందు వైద్యం చేయాలి, లేదంటే ఏం చేసినా నిలవదు. నీళ్ల బిందెలు, సిలిండర్లు ఆమె చేత ఎత్తించకండి.

మళ్లీ పరీక్షకు వెళ్లేటప్పుడు యూరిన్‌కు వెళ్లాకే బల్ల ఎక్కమనండి. వీలైతే సాయంత్రం ఓపీకి వెళ్లండి, తనకు ఎక్కువగా అనిపించే వేళ కాబట్టి చెప్పడం ఆమెకే సులువు. గ్యాస్ పోయినా, రెండు చుక్కలు పడినా డాక్టర్లకు అది మామూలేనని మీరే ముందు చెప్పి ధైర్యం ఇవ్వండి. ‘ఇంట్లో వచ్చినంత ఇక్కడ రాలేదు’ అని నోరు తెరిచి చెప్పమనండి. పాప్-క్యూ కొలతలు మొత్తం రాసి ఇవ్వమని అడగండి. తొమ్మిదీ కొలిచే తీరిక లేకపోతే నాలుగు చోట్లే చూసే సరళమైన పాప్-క్యూ ఉంది, అది కూడా నమ్మదగినదే. ఆపరేషన్ అనుకుంటే, ఉబ్బును లోపలికి నెట్టి పెట్టి దగ్గించి చూశారా అని అడగండి. ముందు గోడ బాగా దిగినప్పుడు మూత్రనాళం మడతపడి లీకేజీ కనబడకుండా ఉంటుంది. ఆపరేషన్ అయ్యాక అది బయటపడితే, బాగుచేయించుకుంటే కొత్త రోగం వచ్చిందని అనుకుంటారు.

వీటికి మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి: యూరిన్ పూర్తిగా ఆగిపోవడం, బయటికి వచ్చినది లోపలికి పోకపోవడం, దాని మీద పుండు పడటం, నెలసరి ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించడం. అప్పుడు ఉప్పల్ నుంచి గాంధీ ఆసుపత్రికి వెళ్లినా, దగ్గర్లో 24 గంటలు గైనిక్ డాక్టర్ ఉండే ఏ ఆసుపత్రికి వెళ్లినా సరే, అదే రోజు చూపించండి. ఇవేవీ లేకపోతే తొందరేమీ లేదు, రెండు మూడు వారాలు ఆలోచించుకోవచ్చు. కొత్త కొలతలు వచ్చాక సి, బీఏ, బీపీ (వెనక గోడలో బాగా దిగిన భాగం), టీవీఎల్ (యోని మొత్తం పొడవు) అంకెలు ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.